మోటారు సైకిలు తరలింపు – మెలకువలు

పాఠ్యభాగ ఉద్దేశం

మోటారు సైకిలు దారిలో ఆగిపోయినప్పుడు, దాని గేర్‌బాక్సు చెడకుండా, మనిషికి అపాయం కలగకుండా మరమ్మతు స్థలానికి చేర్చే పద్ధతిని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పూర్వం రైతు దూరప్రయాణానికి ఎడ్లబండి కట్టే ముందు ఇరుసుకు కందెన పెట్టేవాడు. కందెన లేని ఇరుసు కిర్రుమంటుంది, వేడెక్కుతుంది, త్వరగా అరిగిపోతుంది. ఎడ్లబండి స్థానంలో మోటారు వాహనం వచ్చినా ఈ సూత్రం మారలేదు. చెడిపోయిన మోటారు సైకిలును వేరొక చోటికి తరలించేటప్పుడు చాలామంది మరచిపోయేది ఈ సూత్రాన్నే.

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు రాతికొండలపై వెలసినవి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమంగా హైదరాబాదుకు తరలివస్తున్న కాలంలో, 1976లో అక్కినేని నాగేశ్వరరావు సమీపాన ఉన్న బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించారు. అనంతర కాలంలో డి. రామానాయుడు ఫిలింనగర్ కొండపై స్టూడియో నిర్మించారు. చిత్రీకరణలకు వెళ్ళే సాంకేతిక సిబ్బందిలో, చిన్న నటులలో అనేకులు ద్విచక్ర వాహనాలపైనే ఈ ఎత్తుపల్లాల రోడ్లలో ప్రయాణిస్తారు. ఎవరి బండి అయినా ఆగిపోతే, వెనుక వచ్చే మిత్రుడు తన బండిని నడుపుతూనే ఒక కాలిని ఆగిన బండి ఫుట్‌రెస్టుకు ఆనించి నెట్టుకుపోవడం నగరంలో తరచుగా కనిపించే దృశ్యం. మరికొందరు తాడు కట్టి లాగుతారు. బండి న్యూట్రల్‌లో ఉన్నది కనుక గేర్లకు ఏమీ కాదని వారి ధీమా. ఆ ధీమా సరైనది కాదు.

బండి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు ఇంజనుకూ వెనుక చక్రానికీ సంబంధం తెగిపోతుంది. కాని వెనుక చక్రానికీ గేర్‌బాక్సుకూ సంబంధం తెగదు. చక్రం తిరిగితే చైను తిరుగుతుంది. చైనుతోపాటు గేర్‌బాక్సు వెలుపలి పళ్ళచక్రం, దానిని మోసే షాఫ్టు తిరుగుతాయి. నేటి మోటారు సైకిళ్ళలో అధిక భాగానికి ఇంజనుకూ గేర్‌బాక్సుకూ ఒకే నూనె ఉంటుంది. ఆ నూనెను పైభాగాలకు చేరవేసే పంపు ఇంజను తిరిగినప్పుడే పనిచేస్తుంది. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. అడుగున నూనెలో మునిగిన గేర్లకు కొంత తడి దక్కినా, పై షాఫ్టులకూ బేరింగులకూ అది చాలదు. బండిని పదడుగులు నెమ్మదిగా నెట్టినందువల్ల నష్టం లేదు. కిలోమీటర్ల కొలదీ వేగంగా లాగితే మాత్రం ఘర్షణ పెరిగి, ఆ భాగాలు అరిగిపోతాయి. గేరు వేసి ఉంచి క్లచ్ పట్టుకొని లాగించడం మరింత ప్రమాదకరం. చేయి జారి క్లచ్ వదిలితే వెనుక చక్రం ఒక్కసారిగా పట్టేసి బండి పడిపోవచ్చు.

గేర్‌బాక్సు చెడితే డబ్బుతో బాగుచేయించవచ్చు. ప్రాణం పోతే తిరిగి రాదు. ద్విచక్ర వాహనం హ్యాండిల్ ఆధారంగా నిలకడ పొందుతుంది. హ్యాండిల్‌కు కట్టిన తాడు ఒక వైపు లాగినా, వాలులో వెనుక బండి ముందు బండిని మించి దూసుకుపోయినా అదుపు తప్పుతుంది. 1989 నాటి రహదారి నియమాలు ఒక వాహనం మరొక వాహనాన్ని లాగే వేగం గంటకు 24 కిలోమీటర్లకు, వాటి మధ్య దూరం 5 మీటర్లకు మించరాదని నిర్దేశించాయి. 2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఇటువంటి హద్దులు నాలుగు చక్రాల వాహనాలకే అవసరమైనప్పుడు, రెండు చక్రాల బండి విషయంలో ఎంత జాగ్రత్త కావాలో ఊహించవచ్చు.

కనుక బండిని లాగడం కంటె మోయించడం మేలు. ట్రాలీ ఆటో పిలిచి, గట్టి పలకను వాలుగా అమర్చి, ఇద్దరు మనుషులు బండిని నడిపించుకుంటూ పైకి ఎక్కించాలి. ముందు చక్రాన్ని ట్రాలీ ముందరి గోడకు ఆనించి, మొదటి గేరు వేయాలి. హ్యాండిల్ కింది భాగం నుండి ఇరుపక్కలకు, వెనుక భాగం నుండి ఇరుపక్కలకు నాలుగు తాళ్ళు బిగించాలి. ముందరి స్ప్రింగులు కొద్దిగా అణగితే చాలు; పూర్తిగా అణగదొక్కరాదు. తాడు ఒరిసే చోట గుడ్డ పెట్టాలి. కొంత దూరం వెళ్ళిన తరువాత ఆగి, ముడులను మరల పరీక్షించాలి. ముందు చక్రాన్ని మాత్రమే ఎత్తి లాగవలసి వస్తే, మెకానిక్ చేత చైను విప్పించి, అది చక్రానికి చుట్టుకోకుండా పూర్తిగా తొలగించాలి. అప్పుడు వెనుక చక్రం తిరిగినా గేర్‌బాక్సు కదలదు.

ఈ మెలకువ చలనచిత్ర రంగానికి కొత్త కాదు. కథానాయకుడు మోటారు సైకిలుపై మాట్లాడుతూ సాగిపోయే దృశ్యాలలో కొన్నింటిని, బండిని తక్కువ ఎత్తుగల ట్రైలరుపై బిగించి, మరొక వాహనంతో ఆ ట్రైలరును లాగుతూ చిత్రీకరిస్తారు. తెరపై బండి పరుగెత్తినట్లు కనిపిస్తుంది. నిజానికి అది కదలకుండా కట్టుబడి ఉంటుంది. తెరపై సాహసాన్ని చూసి కాలితో బండ్లు నెట్టే యువకులు, తెర వెనుక ఉన్న ఈ జాగ్రత్తను గమనించాలి. నూరు రూపాయలు మిగిలాయని సంతోషించి, వేల రూపాయల యంత్రాన్నీ వెలకట్టలేని ప్రాణాన్నీ పణంగా పెట్టడం వివేకం అనిపించుకోదు.

కఠిన పదాలకు అర్థాలు

ఇరుసు = చక్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ
కందెన = రాపిడి తగ్గించడానికి పూసే జిడ్డు పదార్థం
ఘర్షణ = రాపిడి, ఒరిపిడి
ధీమా = నిబ్బరం, నమ్మకం
పణంగా పెట్టు = పందెంగా ఒడ్డు

ప్రశ్నలు

1. బండి న్యూట్రల్‌లో ఉన్నా గేర్‌బాక్సు అరిగిపోవడానికి కారణమేమి?
2. మోటారు సైకిలును ట్రాలీ ఆటోలో తరలించే పద్ధతిని వివరించండి.
3. ‘లాగడం కంటె మోయించడం మేలు’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.