కల్లం దగ్గర అప్పుల లెక్క: నిలకడ లేని ఆదాయంతో సేద్య కుటుంబాల రుణ విమోచన

జాతీయ నమూనా సర్వే 77వ విడత ఫలితాల ప్రకారం 2019లో దేశంలోని వ్యవసాయ కుటుంబాల్లో 50.2 శాతం రుణగ్రస్తమై ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. ఒక్కో కుటుంబంపై సగటు బాకీ దేశం మొత్తం మీద రూ.74,121 కాగా ఆంధ్రప్రదేశ్‌లో రూ.2,45,554, తెలంగాణలో రూ.1,52,113గా నమోదైంది. ఈ అంకెలు బాకీ ఎంతో తెలుపుతాయి గాని, ఆ బాకీ ఏటా ఎందుకు తిరిగి అదే స్థాయికి చేరుతున్నదో తెలుపవు. కల్లంలో పంట అమ్మిన వారంలోనే అప్పులవారందరికీ చెల్లించి ‘బాకీ లేదు’ అనిపించుకున్న రైతు తొలకరి నాటికి మళ్లీ అప్పుకు బయలుదేరడం పల్లెల్లో ఏటా కనిపించే దృశ్యమే. అప్పు తీర్చాలన్న సంకల్పంలో లోపం లేదు. తీర్చే క్రమంలో ఉన్నది.

అప్పు తీర్చే విషయమై సాధారణంగా వినిపించే సలహాలన్నీ నెల జీతాన్ని ఆధారం చేసుకున్నవి. ప్రతి నెలా ఇంత అని వాయిదా కట్టడం, మిగిలినది దాచడం మొదలైనవి ఒకటో తేదీన నిర్ణీతమైన సొమ్ము చేతికందేవారికి చెల్లుతాయి. రైతు కూడా సొంత పని చేసుకొని బ్రతికేవాడే అయినా అతని రాబడి ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ వాన, తెగులు, ధర నిర్ణయించినంత మేరకే వస్తుంది. ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. కనుక అతనికి వాయిదా తేదీ కంటె ముఖ్యమైనది, పంట సొమ్ము వచ్చిన రోజున అది ఏ వరుసలో ఎవరికి పోవాలన్న నిర్ణయం. ఆ నిర్ణయం సొమ్ము రాకముందే జరగాలి. వచ్చిన తరువాత గట్టిగా అడిగినవాడికే అది పోతుంది.

వడ్డీని ఒకే కొలతలోకి తేవడం

గ్రామాల్లో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకొంటారు. బ్యాంకులు ఏడాదికి ఇంత శాతం అంటాయి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. కిసాన్ క్రెడిట్ కార్డుపై రూ.3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లిస్తే 3 శాతం ప్రోత్సాహకం లభించి నికర భారం 4 శాతమే అవుతుంది. ‘రెండు’, ‘ఏడు’ అన్న అంకెలను పక్కపక్కన విన్నప్పుడు రెండే తక్కువగా తోచడం సహజం. అందువల్ల అన్ని అప్పులనూ ఏడాది శాతంలోకి మార్చి ఒకే కాగితం మీద రాసుకోవడం తొలి పని.

ఎరువులు, పురుగుమందుల దుకాణంలోని అరువుకు వడ్డీ బయటికి కనిపించదు. నగదు ధరకూ అరువు ధరకూ ఉన్న తేడా, గడువు దాటితే పడే వడ్డీ, పంటను ఆ దుకాణదారుకో అతడు చెప్పిన కమీషన్ ఏజెంటుకో అమ్మవలసి రావడం వల్ల క్వింటాలుకు తగ్గే ధర, ఈ మూడూ కలిపితేనే అసలు భారం తెలుస్తుంది. మూడవదాన్ని రైతులు అప్పు ఖర్చుగా లెక్కించకపోవడం గమనార్హం.

తీర్చిన అప్పు తిరిగి వచ్చే తీరు

పల్నాడు ప్రాంతంలో మూడెకరాల సొంత భూమిలో మిర్చి వేసే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా ఊహిద్దాం. 50 క్వింటాళ్లు క్వింటాలు రూ.11,500 చొప్పున అమ్మితే రూ.5,75,000 వస్తుంది. కోత కూలి, రవాణా, కమీషన్ కింద రూ.1,15,000 పోగా చేతికి రూ.4,60,000 మిగులుతుంది. బాకీలు మూడు: బ్యాంకు పంట రుణం రూ.1,60,000, రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటుపై రూ.1,50,000, దుకాణం అరువు రూ.90,000. పాడి మీద వచ్చే సొమ్ము రోజువారీ ఇంటి ఖర్చుకూ, డ్వాక్రా వాయిదాకూ సరిపోతుంది. జూన్, జులైలలో పిల్లల చదువుకూ, వైద్యానికీ రూ.60,000, బ్యాంకు తిరిగి ఇచ్చే పంట రుణం కాక సాగుకు మరో రూ.1,00,000 కావాలి.

మొదటి పద్ధతిలో కుటుంబం అందరికీ పూర్తిగా చెల్లిస్తుంది. బ్యాంకుకు 7 శాతం వడ్డీతో రూ.1,71,200, నోటుకు ఏడాది వడ్డీతో రూ.1,86,000, దుకాణానికి రూ.90,000. మిగిలేది రూ.12,800. (బ్యాంకు తరువాత జమచేసే ప్రోత్సాహకం రెండు పద్ధతుల్లోనూ సమానమే గనుక లెక్కలో చేర్చలేదు.) జూన్ నాటికి రూ.1,47,200 కొరత. పని తొందరలో రూ.47,200 మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, లక్ష రూపాయల సరుకు అరువు పెడతారు. ఎనిమిది నెలలకు చేబదులుపై వడ్డీ రూ.11,328. అరువు ధర నగదు ధర కంటె పదోవంతు ఎక్కువైతే రూ.10,000, దానిపై రెండు రూపాయల వడ్డీని లక్షకే లెక్కించినా రూ.16,000, పంటను అక్కడే అమ్మడం వల్ల క్వింటాలుకు రూ.300 తగ్గితే 50 క్వింటాళ్లకు రూ.15,000. మొత్తం భారం రూ.52,328.

రెండవ పద్ధతిలో చదువు, వైద్యం, సాగు కోసం రూ.1,60,000 ముందే పక్కన పెడతారు. బ్యాంకుకు గడువులోగా రూ.1,71,200, దుకాణానికి రూ.90,000 చెల్లిస్తారు. మిగిలిన రూ.38,800లో నోటు వడ్డీ రూ.36,000 పోగా అసలులో రూ.2,800 తగ్గుతుంది. నోటుపై నిలిచే బాకీ రూ.1,47,200. అంటే రెండు పద్ధతుల్లోనూ అప్పు మొత్తం ఒక్కటే. కాని ఇక్కడ ఎనిమిది నెలల వడ్డీ రూ.23,552 మాత్రమే; సరుకు నగదుకు కొంటారు, పంటను నచ్చిన చోట అమ్ముకుంటారు. తేడా రూ.28,776. ఆ సొమ్ము మరుసటి ఏడాది నోటు అసలులోకి పోతే, రెండవ ఏట అప్పు నిజంగానే తగ్గడం మొదలవుతుంది.

ఒకే వడ్డీ ఉన్నప్పుడు నోటును ఉంచి దుకాణం బాకీనే ముందు తీర్చడానికి కారణం అమ్మకపు స్వేచ్ఛ. ఊళ్లో మాట పోతుందన్న భయంతో నోటునే ముందు తీర్చే కుటుంబాలు అనేకం. వాస్తవానికి వడ్డీ సక్రమంగా అందుతున్న అప్పును వడ్డీ వ్యాపారులు సాధారణంగా తొందరపడి వెనక్కు అడగరు.

ఇంట్లో బంగారం ఉంటే ఈ లెక్క మరింత మారుతుంది. అదే రూ.1,47,200ను 9 శాతం వడ్డీకి బ్యాంకులో నగలు కుదువపెట్టి తీసుకొని నోటును తీర్చివేస్తే ఎనిమిది నెలల వడ్డీ రూ.8,832. పెట్టెలో నగలుంచుకొని 24 శాతం వడ్డీ కట్టడం ఆర్థికంగా నష్టమే. అయితే ఆ నగలు ఇల్లాలివి. నిర్ణయం ఆమెది కావాలి. విడిపించే తేదీ కూడా ఆ కాగితం మీదే రాయాలి.

పక్కన పెట్టిన సొమ్ము నిలవడం మరో సమస్య. పొదుపు ఖాతాలో ఉన్న సొమ్ము బంధువుల అవసరాలకు కరిగిపోతుంది. జూన్ మొదటివారానికి గడువు ముగిసేలా బ్యాంకులో డిపాజిట్ చేయడం మేలు. పంటనే శీతల గిడ్డంగిలో ఉంచి దానిని పొదుపుగా భావించడం వేరు విషయం. రెండు రూపాయల బాకీ నెత్తిన ఉండగా రూ.11,500 విలువ గల క్వింటాలును నిల్వ చేస్తే నెలకు రూ.230 వడ్డీ భారం పడుతుంది. ఆరు నెలలకు రూ.1,380, పైన గిడ్డంగి అద్దె. ధర అంతకు మించి పెరుగుతుందన్న నమ్మకం ఉంటేనే నిల్వ లాభదాయకం. గుర్తింపు పొందిన గిడ్డంగి రసీదుపై తక్కువ వడ్డీకి రుణం దొరికి, ఆ సొమ్ముతో నోటు తీరితే మాత్రం నిల్వకు అర్థముంటుంది.

నోటు తిరగరాయడం

చిన్న అప్పు పెద్దదయ్యేది ఎక్కువగా ఇక్కడే. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. మూడేళ్లు వడ్డీ కట్టకపోతే రూ.1,50,000కు రెండు రూపాయల చొప్పున రూ.1,08,000 చేరుతుంది. గడువు సమీపించగానే రూ.2,58,000కు కొత్త నోటు రాయిస్తారు. మరో మూడేళ్లకు దానిపై రూ.1,85,760 వడ్డీ చేరి బాకీ రూ.4,43,760 అవుతుంది. ఆరేళ్లలో రైతు కొత్తగా ఒక్క రూపాయి తీసుకోకుండానే అప్పు దాదాపు మూడింతలైనది.

ఏటా వడ్డీ మేరకైనా చెల్లించి నోటు వెనుక ‘చెల్లు’ వేయించుకుంటే ఈ పెరుగుదల ఆగుతుంది. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం, గడువు ముగియకముందే జరిగిన చెల్లింపును బాకీదారు సంతకంతో నమోదు చేస్తే ఆ తేదీ నుంచి కాలపరిమితి తిరిగి మొదలవుతుంది. కనుక అప్పిచ్చినవానికి నోటు తిరగరాయించుకోవలసిన అవసరమే ఉండదు. ఇరుపక్షాలకూ సమ్మతమైన మార్గమిది. ఖాళీ నోటుపై సంతకం చేయరాదు. బాకీ తీరిన రోజునే నోటును వెనక్కు తీసుకోవాలి.

బ్యాంకు రుణంలోనూ తిరగరాయడం వంటిదే ఒకటున్నది. గడువు ముంచుకొచ్చినప్పుడు బయట హెచ్చు వడ్డీకి పది రోజులకు సొమ్ము తెచ్చి బ్యాంకుకు కట్టి, కొత్త రుణం చేతికందగానే దానిని తిరిగి ఇచ్చివేయడం. ప్రోత్సాహకం దక్కుతుంది గాని సాగుకు అందవలసిన సొమ్ములో కొంత ఆ పది రోజుల వడ్డీకే పోతుంది. మొదటి, రెండవ కోతల సొమ్ము నుంచే బ్యాంకు వాటాను తీసి ఉంచితే ఈ అవస్థ తప్పుతుంది.

ఏ ఏడాది ఆదాయాన్ని నమ్మాలి

మంచి ధర పలికిన ఏడాదిని కొలతగా తీసుకొని చేసిన ప్రణాళిక మరుసటి ఏడే కూలిపోతుంది. మిర్చి ధరలు బాగా పడిపోయిన 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు రూ.11,781 ధర ప్రకటించవలసి వచ్చింది. అంతకు ముందరి హెచ్చు ధరలను నమ్మి కౌలు పెంచినవారూ, ట్రాక్టరు వాయిదాలకు ఒప్పుకున్నవారూ ఎక్కువగా దెబ్బతినడం సహజం. గడచిన ఐదేళ్ల నికర రాబడిని రాసి, తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, నడిమిదాన్ని ఆధారంగా తీసుకోవడం క్షేమం. సగటు తీస్తే ఒక్క బంగారు ఏడాది మొత్తం లెక్కను పైకి లాగివేస్తుంది.

నడిమి రాబడికి మించి వచ్చిన సొమ్మును ఏం చేయాలన్నదీ ముందే నిర్ణయించాలి. అందులో అధిక భాగం హెచ్చు వడ్డీ అప్పు అసలుకు పోవాలి. మంచి ఏడాదిలోనే కొత్త బోరు ఆలోచన పుడుతుంది. నీరు పడని బోరుకు పెట్టిన సొమ్ము ఏ పంటా తిరిగి ఇవ్వదు. దాన్ని పంట రుణం నుంచో, నోటు మీద తెచ్చిన సొమ్ము నుంచో తవ్వించడం ఏ లెక్కలోనూ సమర్థనీయం కాదు.

పంట పోయిన ఏడాదికి బ్యాంకు బాకీకి ఒక వెసులుబాటున్నది. ప్రకృతి వైపరీత్యం ప్రకటించిన ప్రాంతాల్లో పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటే రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల మేరకు పంట రుణాన్ని దీర్ఘకాల వాయిదాలుగా మార్చే వీలున్నది. ఇప్పటికే గడువు మీరిన ఖాతాలకు ఇది వర్తించడం కష్టం. బ్యాంకు బాకీని వరుసలో ముందుంచడానికి తక్కువ వడ్డీతో పాటు ఇదీ కారణమే. నోటుకు అటువంటి ఏర్పాటు ఏదీ లేదు.

అప్పుల కాగితం ఇంట్లో ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఎవరికెంత, ఏ నోటు ఎవరి దగ్గర, ఎంత చెల్లు పడినదో భర్తకు మాత్రమే తెలిసిన ఇళ్లలో, అతడు లేనినాడు వచ్చి అడిగిన ప్రతి అంకెనూ భార్య ఒప్పుకోవలసి వస్తుంది. ఆత్మహత్య జరిగిన ఇంట ఈ దుస్థితి మరీ దారుణం. ఆ కాగితానికి నకలు ఒకటి ఆమె వద్ద ఉండడం భారమైన పనేమీ కాదు.

కౌలు రైతు

పై వరుస సొంత భూమి గలవానికి. కౌలు రైతుకు అందులోని చౌక అప్పే తరచుగా అందదు. ఆంధ్రప్రదేశ్ 2019 నాటి చట్టం కింద 11 నెలల కాలానికి పంట సాగుదారు హక్కు పత్రాన్ని ప్రవేశపెట్టింది. దానికి భూయజమాని ఒప్పందం కావాలి. అదే భూమిపై యజమాని ముందే పంట రుణం తీసుకొని ఉంటే పత్రమున్నా బ్యాంకు వెనుకాడుతుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయం కూడా పట్టాదారుకే చేరింది. కనుక కౌలుదారు ముందు తేల్చుకోవలసినది కౌలు చెల్లించే తేదీ. ఎకరానికి రూ.30,000 చొప్పున రెండెకరాలకు రూ.60,000 జూన్‌లోనే ముందు కౌలుగా కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే, ఎనిమిది నెలలకు వడ్డీ రూ.14,400, అంటే ఎకరానికి రూ.7,200. పంట అమ్మిన తరువాత తీసుకోవడానికి యజమాని అంగీకరిస్తే ఎకరానికి ఐదు వేలు పెంచి ఇచ్చినా రైతుకు రూ.2,200 మిగులే. నలుగురి నుంచి పదిమంది వరకు కలిసి ఉమ్మడి బాధ్యత సంఘంగా ఏర్పడితే, పూచీకి భూమి చూపకుండానే బ్యాంకు రుణం పొందే వీలున్నది. అటువంటి సంఘాన్ని మార్చి, ఏప్రిల్ నెలల్లోనే కూర్చుకొని బ్యాంకును కలవాలి. నారు పోసే వేళకు మొదలుపెడితే రుణం చేతికందే సరికి మొదటి విడత ఎరువు అరువుగానే వచ్చి ఉంటుంది.