పై దవడ మీద చెయ్యి వేసే ముందు

ముదినేపల్లి

అమ్మలూ,

బందరులో నువ్వు క్లినిక్ తెరిచావని మీ నాన్న ఫోన్ చేసిన రోజు నుంచీ ఇక్కడ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉన్నాను. వేళకి అన్నం తింటున్నావా? రోజంతా మెడ వంచి పనిచేసే వృత్తి మనది, పేషెంటుకీ పేషెంటుకీ మధ్య కాసేపు అటూ ఇటూ నడు.

నువ్వు పంపిన ఓపీజీ, అదే రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే, చూశాను. "ఎముక 12 మిల్లీమీటర్లుంది అత్తా, శనివారం ఇంప్లాంట్ వేసేస్తా" అన్నావు. శనివారం వద్దు. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, నీ చేతి మీద నాకు నమ్మకముంది. ఆ 12 మీదే లేదు. ఓపీజీలో బొమ్మ యంత్రాన్ని బట్టి 20, 30 శాతం దాకా పెద్దదవుతుంది. 25 శాతం పెరిగిందనుకుంటే నీ 12 కాస్తా 9.6. తీసేటప్పుడు పేషెంటు గడ్డం కొంచెం ఎత్తినా ఆ లెక్క కూడా నిలవదు. ఇక ఎముక వెడల్పు సంగతి ఆ బొమ్మ అసలు చెప్పనే చెప్పదు.

మా అనాటమీ మాస్టారు ఒకసారి ఎండు కపాలం తెచ్చి, పై దవడ లోపల టార్చి వెలిగించారు. దవడపళ్ల పైన ఎముక ఎర్రగా మెరిసింది. అంత పల్చన! 1651లో ఇంగ్లండు వైద్యుడు నథానియెల్ హైమోర్ పై దవడ లోపలి ఈ బోలు గది, సైనస్ గురించి రాస్తూ ఒకావిడ సంగతి చెప్పాడని ఆ రోజే విన్నాను. పన్ను పీకించుకున్న రంధ్రంలోకి ఆవిడ ఈక దూర్చి చూసుకుంటే, అది లోపలికి పోతూనే ఉందట. మెదడులోకే పోతోందేమోనని హడలిపోయిందట. పన్నుకీ సైనస్‌కీ మధ్య దూరం ఎంత తక్కువో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

పళ్ల వేళ్లు సైనస్‌లోకి చొచ్చుకుపోయినట్టు ఓపీజీలో కనిపిస్తే భయపడిపోకు, అలాగని కొట్టిపారెయ్యకు. కిరణం కాస్త కింది నుంచి పైకి వస్తుంది కాబట్టి అంగిలి వైపు వేరు ఉన్నచోటు కంటే పైకి పడుతుంది. సైనస్ పక్కనుంచి పోయే వేరు కూడా లోపలున్నట్టే కనిపిస్తుంది. గోడ మీద చెట్టు నీడ చూసి ఏ కొమ్మ ముందుందో ఏది వెనకుందో చెప్పగలమా? సైనస్‌లోని అడ్డుగోడలూ అంతే. 1910లో అండర్‌వుడ్ కపాలాలు కోసి చూసి వాటి గురించి రాశాడు. ఓపీజీ కొన్నిటిని దాచేస్తుంది, లేనివాటిని ఉన్నట్టు చూపిస్తుంది. సైనస్ లిఫ్ట్‌లో లోపలి పొరను పైకి లేపడానికి ఎముకకు కిటికీ తీసినప్పుడు అలాంటి గోడ అడ్డొస్తే ఆ సన్నటి పొర చిరిగిపోతుంది. పక్కగోడలో నడిచే రక్తనాళం ఒకటుంది, దాన్ని ముందే చూసుకోవాలి.

చిన్న ఎక్స్‌రే నీడలూ ఇలాగే మోసం చేస్తాయి. ఇక్కడికి ఒక చేపల చెరువు రైతు వచ్చాడు. నెలల తరబడి ఒకవైపు ముక్కులోనే దుర్వాసన. సైనస్ మందులు మింగి మింగి విసిగిపోయాడు. ఆ వైపు దవడపన్నుకి ఎప్పుడో రూట్ కెనాల్ చేయించుకున్నాడు. చిన్న ఎక్స్‌రే తీస్తే బుగ్గ ఎముక నీడ సరిగ్గా వేళ్ల మీదే పడింది, ఏమీ తెలియలేదు. దవడని అన్ని వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కానులో, అప్పట్లో శుభ్రం చేయకుండా వదిలేసిన వేరు నాళం, వేరు కొన దగ్గర కరిగిన ఎముక, దాని పైన ఉబ్బిన పొర అన్నీ బయటపడ్డాయి. నాళం శుభ్రం చేసి నింపాక కొన్ని వారాలకు వాసన పోయింది. ఒకవైపే ముక్కు బాధ అని ఎవరు చెప్పినా ముందు పైపళ్లు చూడు, అమ్మలూ.

అలాగని వచ్చిన ప్రతివాళ్లనీ స్కానుకి తోలకు! ఓపీజీకి సుమారు 10 నుంచి 25 మైక్రోసీవర్టుల రేడియేషన్ అయితే, సీబీసీటీకి ఎంత మేర తీస్తామన్నదాన్ని బట్టి కొన్ని పదుల నుంచి వందల దాకా పోతుంది. అది కాక డబ్బు, ఒక రోజు కూలి. కదిలే పన్ను పీకడానికి, మామూలు పిప్పి పన్నుకి చిన్న ఎక్స్‌రే చాలు. స్కాను చూసినా తొందరపడకు. అది ఎముకని బాగా చూపిస్తుంది కానీ, తెల్లగా నిండింది చీమో, చీమిడో, వాచిన పొరో తేల్చి చెప్పలేదు. ఏ బాధా లేనివాళ్లలోనూ పొర మందంగా ఉండొచ్చు. అనుమానమొస్తే ఈఎన్‌టీ డాక్టరుతో మాట్లాడు. అడిగితే చిన్నతనం కాదమ్మా.

నీ పేషెంటుకి పై దవడ వెనకభాగం మట్టుకే, చిన్న ఫీల్డులో, సీబీసీటీ రాయించు. జలుబుంటే తగ్గాక తీయించు. ఆ స్కాను ఫైలు మొత్తం పంపు, ఫోన్‌లో తీసిన ఫోటో కాదు. ఆదివారం కూర్చుని ఒక్కో స్లైసూ ఇద్దరం కలిసి చూద్దాం.

నీ మేనత్త