చూపు – అవధానం

తెలుగులో చూపు చుట్టూ చాలా మాటలున్నాయి. కనబడటం వేరు, చూడటం వేరు, గమనించటం వేరు, కనిపెట్టటం వేరు. వాకిట్లో నిలబడిన మనిషి కనబడతాడు. అతనిని చూడటానికి మనం తల తిప్పాలి. అతని ముఖంలో దిగులున్నదని గమనించటానికి కన్ను ఒక్కటే చాలదు. "చూపు ఇక్కడ, మనసెక్కడో" అని పెద్దలు పిల్లలను మందలించేది ఈ భేదం ఎరిగినందువల్లనే. మనస్సు మరొకచోట ఉన్నప్పుడు మనిషి చూడడనీ, వినడనీ బృహదారణ్యకోపనిషత్తు ప్రస్తావించింది. న్యాయదర్శనం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఒకే క్షణంలో రెండు జ్ఞానాలు కలగకపోవటమే మనస్సు ఉన్నదనటానికి గుర్తు అని చెప్పింది.

ఇదంతా అనుభవమూ తర్కమూ. దీనిని కొలవవచ్చునా? ఒక మనిషి మనస్సు ఏ క్షణంలో దేనిమీద నిలిచిందో గీత గీసి చూపవచ్చునా? సుమారు నూట యాభై సంవత్సరాలుగా మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నతో పెనుగులాడుతున్నారు.

ఈ శాస్త్రంలో 'అటెన్షన్' అనే పదానికి తెలుగులో 'అవధానం' అనే పేరు స్థిరపడింది. ఆ మాట వినగానే మనకు అష్టావధానమూ, తిరుపతి వేంకట కవులూ గుర్తుకు రావటం సహజం. అవధాని ఎనిమిది పనులను ఒకే క్షణంలో చేస్తాడని కొందరు భ్రమపడతారు. చాలావరకు పృచ్ఛకులు ఒకరి తరువాత ఒకరుగానే అడుగుతారు. అవధాని ఒక్కొక్కరి వైపు మనస్సును మళ్ళిస్తూ, విడిచి వచ్చిన దానిని ధారణలో నిలుపుకొంటాడు. ఆ విద్య గొప్పతనం మళ్ళించే వేగంలోనూ, నిలుపుకొనే శక్తిలోనూ ఉంది.

ఇక కంటి సంగతి. ఎదుట ఉన్నదంతా ఒకేసారి స్పష్టంగా కనబడుతున్నదని మనం అనుకొంటాం. అది నిజం కాదు. చేయి చాచి బొటనవ్రేలి గోరును చూడండి. దాదాపు ఆ గోరంత వెడల్పు మేరలో మాత్రమే మన చూపు మిక్కిలి నిశితంగా ఉంటుంది. ఆవల ఉన్నదంతా క్రమంగా మసకబారుతుంది. అందుచేత కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు ఒకచోటి నుండి మరొకచోటికి దూకుతూ, దూకినచోట క్షణకాలం ఆగుతూ, మళ్ళీ దూకుతూ ఉంటుంది. దూకే వేళ చూపు అణగి ఉంటుంది కనుక ఆ దూకుడు మన అనుభవానికి రాదు. అద్దం ముందు నిలిచి ఎడమకన్నునూ కుడికన్నునూ మార్చి మార్చి చూచుకోండి. మీ కళ్ళు కదలటం మీకు కనబడదు. ప్రక్కన నిలిచిన మిత్రునికి మాత్రం స్పష్టంగా కనబడుతుంది.

చదివేటప్పుడు కన్ను పంక్తి వెంట నున్నగా జారిపోదనీ, గెంతుతూ పోతుందనీ 1870ల చివర పారిస్‌లో లూయీ ఎమిల్ జావాల్ అనే నేత్రవైద్యుని ప్రయోగశాలలో గుర్తించారు. ఆ గెంతులను నమోదు చేయటానికి తొలినాళ్ళలో పట్టిన పాట్లు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ కంటికి మొద్దుబారే మందు వేసి, నల్లగ్రుడ్డు మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన చిన్న గిన్నె వంటి దానిని అతికించి, దానికి సన్నని అల్యూమినియం పుల్ల తగిలించాడు. కన్ను కదిలినప్పుడల్లా ఆ పుల్ల మసిపూసిన కాగితంపై గీత గీసేది. 1901 నాటికి రేమండ్ డాడ్జ్ ఈ హింసను తప్పించాడు. కంటిని తాకకుండా, దానిమీద పడి మెరిసే వెలుగును ఫోటో పలకపై పట్టే ఉపాయం ఆయన కనిపెట్టాడు. నేటి యంత్రాలు కంటికి కనబడని పరారుణ కిరణాలతో, మూలసూత్రంలో అదే పని చేస్తున్నాయి. వాటిలో మేలైనవి సెకనుకు 1000 సార్లు చూపు జాడను నమోదు చేస్తాయి.

జాడ దొరికింది సరే, దాని అర్థమేమిటి? ఈ ప్రశ్నకు మరపురాని జవాబు మాస్కోలో పనిచేసిన ఆల్ఫ్రెడ్ యార్బస్ ప్రయోగంలో లభిస్తుంది. ఇల్యా రేపిన్ అనే రష్యన్ చిత్రకారుడు 1880లలో వేసిన ఒక ప్రసిద్ధ చిత్రం ఉంది. ప్రవాసశిక్ష ముగించుకొన్న ఒక వ్యక్తి చెప్పా పెట్టకుండా తన ఇంటి గదిలో అడుగుపెడతాడు. కుర్చీలోని వృద్ధమాత సగం లేచి నిలుస్తుంది. పియానో ముందున్న స్త్రీ వెనుతిరిగి చూస్తుంది. బల్ల దగ్గర పిల్లలు, తలుపు దగ్గర పనిమనిషి ఉంటారు. యార్బస్ ఒకే వ్యక్తికి ఈ చిత్రాన్ని ఏడుసార్లు, ప్రతిసారీ మూడేసి నిమిషాలు చూపించాడు. మొదటిసారి ఏమీ అడగలేదు. తరువాత ఒక్కొక్కసారి ఒక్కొక్క ప్రశ్న అడిగాడు. ఈ కుటుంబం ఆస్తిపాస్తులు ఎట్టివి? వీరి వయస్సులెంత? అతిథి రాకముందు వీరేమి చేస్తున్నారు? ఇతడు ఎంతకాలం తరువాత తిరిగి వచ్చాడు?

చిత్రం మారలేదు, చూచే మనిషి మారలేదు. చూపు గీతలు మాత్రం ప్రతిసారీ మారిపోయాయి. వయస్సు అడిగినప్పుడు చూపు ముఖాల మీదనే తిరిగింది. కలిమిలేములు అడిగినప్పుడు దుస్తులనూ గృహోపకరణాలనూ వెదికింది. ఎంతకాలానికి వచ్చాడని అడిగినప్పుడు, వచ్చినవాని ముఖం నుండి ఇంటివారి ముఖాలకూ, అక్కడి నుండి మరల అతని ముఖానికీ మాటిమాటికీ పరుగులు తీసింది. ఎడబాటు ఎంతటిదో ముఖాల నడుమనే తెలుస్తుందని ఆ కంటికి ఎవరూ చెప్పలేదు. ఈ గీతలు 1965లో రష్యన్‌లోనూ, 1967లో ఇంగ్లీషులోనూ వెలువడిన ఆయన గ్రంథంలో ఉన్నాయి. ఇవి ఒక్క మనిషి చూపు గీతలే అన్న మాట మరువరాదు. 2012లో కొందరు పరిశోధకులు, గీతను బట్టి అడిగిన ప్రశ్నను ఊహించటం సాధ్యం కాలేదన్నారు. 2014లో మరికొందరు వేరు పద్ధతిలో లెక్కకట్టి, కొంతవరకు సాధ్యమేనని చూపారు.

ఇక్కడొక చిక్కు ఉంది. కన్ను ఒకచోట నిలిచి ఉండగానే మనస్సు ప్రక్కకు తిరగగలదు. క్రొత్త పెండ్లికూతురు తల వంచుకొనే వీధి గుమ్మం వైపు మనస్సు ఉంచటం మన ఇళ్ళలో తెలియని సంగతి కాదు. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే చీకటి పెట్టెలో అక్షరాలుంచి, చూపును ఒక బిందువుపై నిలిపి, మనస్సును వేరొక మూలకు మళ్ళించి, విద్యుత్తు మెరుపు వెలుగులో ఆ మూలనున్న అక్షరాలను చదివాడు. 1980లో మైఖేల్ పోస్నర్ దీనికి కొలత కల్పించాడు. చూపు కదల్చకుండా ఉన్నవారికి, వెలుగు ఏ వైపు రాబోతున్నదో ముందుగా సూచిస్తే వారు త్వరగా మీట నొక్కుతారు. సూచన తప్పైతే ఆలస్యమవుతుంది. ఆ తేడా సెకనులో వందవ వంతులలో ఉంటుంది. మనస్సు చేసిన ప్రయాణానికి అదే కొలత.

కొలిచిన తరువాత నమూనా కావాలి. పచ్చిమిరపకాయల బుట్టలో ఒక్క పండుమిరపకాయ ఉంటే వెదకనక్కరలేదు, అదే కంటికి తగులుతుంది. రంగు ఒకటీ ఆకారం మరొకటీ కలిపి వెదకవలసి వస్తే మాత్రం ఒక్కొక్కటిగా చూచుకొంటూ పోవాలి. ఈ భేదాన్ని యాన్ ట్రీస్మన్, గారీ జెలాడ్ 1980లో సిద్ధాంతీకరించారు. ఇట్టి భావాల ఆధారంగా 1985లో కాఖ్, ఉల్మాన్ ఒక నమూనాను ఊహించగా, 1998లో ఇట్టి, కాఖ్, నీబర్ దానిని కంప్యూటరులో నిర్మించారు. చిత్రంలో ఏ భాగం తన చుట్టుప్రక్కల కన్నా రంగులో, వెలుగులో, గీతల వాలులో భిన్నంగా ఉన్నదో ఆ యంత్రం లెక్కగడుతుంది. మిక్కిలి భిన్నమైన చోటికి చూపు మొదట వెళుతుందని అంచనా వేసి, తరువాత ఆ చోటును అణచి రెండవదానికి పోతుంది. ఇది గొప్ప పనియే. అయితే ఈ యంత్రానికి రేపిన్ చిత్రంలో తల్లి ఎవరో తెలియదు. 2017లో హెండర్సన్, హేస్ దృశ్యాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎంత అర్థవంతమో మనుషుల చేత మార్కులు వేయించి చూచారు. చూపు మెరుపు కన్నా అర్థాన్నే ఎక్కువగా అనుసరిస్తున్నదని వారు తేల్చారు. ఈ విషయంలో వివాదం ఇంకా ముగియలేదు. సాహిత్యవిద్యార్థిగా నా మొగ్గు అర్థం వైపే.

నా సిద్ధాంతవ్యాసపు టైపు ప్రతిని నేను నాలుగుమార్లు దిద్దాను. లోపలి పుటలలో అరసున్న పొరపాటును కూడా విడువలేదు. బైండింగు అయిన తరువాత ఒక అటెండరు అట్ట చూచి, "అయ్యా, ఇందులో ఒక అక్షరం ఎగిరిపోయింది" అన్నాడు. శీర్షికలోనే తప్పు! నేను దానిని చూడలేదనటానికి లేదు. నాలుగుసార్లూ మొదట చూచింది ఆ శీర్షికనే. దానిలో ఏమున్నదో నాకు ముందే తెలుసు కనుక చదవలేదు.

నాకు పోయింది ఒక అట్ట మాత్రమే. ఈ పొరపాటే ఆసుపత్రిలో జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. 1999లో సైమన్స్, ఛాబ్రిస్ ఒక వీడియో చూపి, బంతిని ఎన్నిసార్లు అందించుకొన్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషధారిణి నడిచిపోయింది. లెక్కపెట్టేవారిలో దాదాపు సగం మంది ఆమెను గమనించలేదు. విద్యార్థులు కనుక పొరబడ్డారు, నిపుణులైతే పొరబడరని అనుకొనేవారికి 2013లో డ్రూ, వో, వుల్ఫ్ జవాబు చెప్పారు. ఊపిరితిత్తుల సీటీ స్కాన్ చిత్రాలలో కేన్సరు అనుమానం కలిగించే చిన్న గడ్డలను వెదకమని 24 మంది రేడియాలజిస్టులను కోరారు. చివరి స్కానులో, ఆ గడ్డల సగటు పరిమాణానికి 48 రెట్లున్న గొరిల్లా బొమ్మను చొప్పించారు. 20 మందికి అది కనబడలేదు. వారిలో 12 మంది చూపు తిన్నగా ఆ బొమ్మ మీదనే నిలిచినట్లు యంత్రం నమోదు చేసింది.

ఈ వైద్యులు అసమర్థులు కారు. అదే ప్రయోగంలో వారు 55 శాతం గడ్డలను పట్టుకోగా, శిక్షణ లేనివారు 12 శాతం మాత్రమే పట్టుకోగలిగారు. శిక్షణ లేనివారిలో గొరిల్లాను చూచినవారు ఒక్కరూ లేరు. ఏది వెదకాలో తెలిసిన మనస్సు దానికే ద్వారం తెరచి, మిగిలినదానికి మూసివేసింది. "నా కళ్ళ ముందే ఉన్నా చూడలేదు" అని వైద్యుడో, డ్రైవరో చెప్పినప్పుడు, అది సాకు అని వెంటనే కొట్టివేయటానికి ఇకమీదట వీలులేదు. అలాగని బాధ్యత తీరిపోయిందనీ అనలేము. ఐరోపాలోని పలు దేశాలలో రొమ్ము కేన్సరు పరీక్షలలో ఒకే ఎక్స్‌రే చిత్రాన్ని ఇద్దరు నిపుణులు విడివిడిగా చూచే ఏర్పాటు ఉంది.

ప్రశ్నలు

1. యార్బస్ ప్రయోగంలో చూపు గీతలు ఎందుకు మారాయి? సోదాహరణంగా వివరించండి.
2. కన్ను కదలకుండానే అవధానం కదులుతుందని ఎట్లు నిరూపించారు?
3. 1998 నాటి కంప్యూటరు నమూనా చేయగలిగినదేమి? చేయలేనిదేమి?
4. 'కనబడు', 'చూచు', 'గమనించు', 'కనిపెట్టు' – ఈ క్రియలను అర్థభేదం తెలిసేటట్లు సొంతవాక్యాలలో ప్రయోగించండి.