మొదటి వారం తర్వాత కూడా రండి

మా చెల్లెలి మనవరాలికి ఐదో ఏట బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. డాక్టర్లు ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) అంటారు; పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. వైద్యం హైదరాబాదులో జరిగింది. పాప ఇప్పుడు ఆరో తరగతి చదువుతోంది. టీచరుగా రిటైరైన నేను ఆ రోజుల్లో వాళ్లు తీసుకున్న అద్దె గదిలో, ఆసుపత్రి వరండాల్లో ఉండి తెలుసుకున్నవి ఇవి. తల్లిదండ్రుల కోసం కాదు, వాళ్ల చుట్టూ ఉండే మనలాంటివాళ్ల కోసం రాస్తున్నాను.

1. ఓపికను రెండు మూడేళ్లకు సరిపడా దాచుకోండి.

ఏఎల్ఎల్ వైద్యం రెండు నుంచి మూడేళ్లు నడుస్తుంది. మొదటి నెల ఇండక్షన్, తర్వాత కొన్ని నెలలు గట్టి కీమో, ఆపైన సుదీర్ఘంగా మెయింటెనెన్స్. జబ్బు సంగతి తెలిసిన మొదటి వారం బంధువులంతా దిగుతారు, యాపిల్ పళ్ల కవర్లు మంచం కింద పేరుకుపోతాయి. మూడో నెలకు ఫోన్లు తగ్గుతాయి. జుట్టు మళ్లీ మొలిచేసరికి అందరూ ‘తగ్గిపోయిందిగా’ అనుకుంటారు. ఆ తల్లి మాత్రం ఇంకా ప్రతి రాత్రీ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర గుర్తుపెట్టుకుని వేస్తూనే ఉంటుంది. అది మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

‘ఏదైనా కావాలంటే అడుగమ్మా’ అంటే ఎవరూ అడగరు. ‘మంగళవారం ఆసుపత్రి డే కేర్‌లో పాప దగ్గర నేను కూర్చుంటా, నువ్వు గదికెళ్లి పడుకో’ అనండి. పాప తల్లి, అంటే మా చెల్లెలి కూతురు, మొదట ‘వద్దులే పెద్దమ్మా’ అంది. చెప్పిన రోజున చెప్పిన వేళకు వెళ్లి నిలబడితే చెప్పులు వేసుకుని బయల్దేరింది.

2. జ్వరం వస్తే సలహాలొద్దు, బండి తీయండి.

కీమో వల్ల తెల్లకణాలు పడిపోయిన బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాల్సిందే. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనే పెద్దరికం అక్కడ పనికిరాదు. మాత్రతో ఒళ్లు చల్లబడుతుంది గానీ లోపలి ఇన్ఫెక్షన్ గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. గది కింద ఉండే ఆటో అబ్బాయి ‘ఏ టైమైనా తలుపు కొట్టండమ్మా’ అన్నాడు. ఆ కుటుంబానికి దొరికిన గొప్ప సాయాల్లో అదొకటి.

3. జలుబు చేసిందా, వెళ్లకండి.

కీమోలో ఉన్న బిడ్డకు మన చిన్న జబ్బూ ప్రమాదమే. మీ ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోసి, అంతకుముందే మీరు ఆ పాపను కలిసి ఉంటే వెంటనే ఫోన్ చేసి చెప్పేయండి. డాక్టర్లు చేయగలిగింది తొందరగా చేయాలి. పాప ఉండే ఇంట్లోని పసివాళ్లకు పోలియో చుక్కలు వేయించేముందు కూడా పాప డాక్టర్‌నే అడగాలి.

4. రక్తం ఇచ్చేవాళ్ల పట్టిక ఒకరు పెట్టుకోండి.

ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. కాబట్టి ఒకేసారి పదిమంది పరిగెత్తుకొస్తే లాభం లేదు, వంతులవారీగా రావాలి. మేనమామలు, బాబాయిలు ముందుకొస్తారు గానీ, దగ్గరి రక్తసంబంధీకుల రక్తాన్ని డాక్టర్లు అంతగా ఇష్టపడరు. తప్పనిసరైతే ఆ రక్తానికి రేడియేషన్ ఇచ్చి ఎక్కిస్తారు. అందుకే నా పాత విద్యార్థులకు చెప్పాను. ఎవరి గ్రూపేమిటి, ఎవరు ఎప్పుడిచ్చారు అన్నది నోట్‌బుక్కులో రాసే పని నాది.

5. వంట చేసి పెట్టండి, కానీ అడిగి చేయండి.

స్టెరాయిడ్ మాత్రలు వేసే వారాల్లో ఆకలి భూతంలా పట్టుకుంటుంది. పాప రాత్రి రెండింటికి లేచి ‘అమ్మమ్మా, పప్పుచారన్నం’ అనేది. కలిపి పెడితే గిన్నె ఊడ్చి, అరగంటకు మళ్లీ ఏడ్చేది. బుగ్గలు ఉబ్బి, పొట్ట ముందుకొచ్చి, మా పాపేనా అనిపించేది. ఇంకో వారం నోరంతా పూసి నీళ్లు కూడా మింగలేకపోయేది. అప్పుడు కారం లేకుండా మెత్తగా పిసికిన పెరుగన్నం. ఏ వారం ఏది పడుతుందో తల్లికే తెలుసు. బయటి చట్నీలు, కోసి అమ్మే పళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు.

6. కారణాలు వెతకొద్దు, మందులు పట్టుకెళ్లొద్దు.

‘కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందేమో’ అని ఒకావిడ నా ముందే అంది. పిల్లల క్యాన్సర్లలో చాలావాటికి కారణం ఇదీ అని తెలియదు. తల్లి తిన్నదీ చూసిందీ కాదు. ఆ మాట అన్నవాళ్లను ఆపడం పెద్దవాళ్లుగా మన పని.

పసరులూ టానిక్కులూ కూడా అంతే. ఎందుకో ఒక మందు కథతో చెబుతాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో ఫోలిక్ యాసిడ్ మీద చేసిన పని నుంచి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తోనే లుకేమియా పిల్లల్లో కొంతకాలమైనా జబ్బును అణచగలిగారు. మెథోట్రెక్సేట్‌ను మా పాపకూ ఇచ్చారు. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడడమే ఆ మందు చేసే పని. బలానికని ఫోలిక్ యాసిడ్ కలిసిన టానిక్ తాగిస్తే ఆ మందుకే ఎదురు నడిచినట్టు. డాక్టర్‌ను అడగనిదే ఏదీ వద్దు.

7. ఇంకో బిడ్డ ఉన్నాడని మరవకండి.

పాప అన్నకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఖమ్మంలో మా చెల్లెలి దగ్గర వదిలారు. ఒకసారి నేను అక్కడికి వెళ్లి ఎక్కాలు చెప్పిస్తుంటే ఉన్నట్టుండి ‘చెల్లిని ఉయ్యాల మీంచి నేను తోసేశాను అమ్మమ్మా, అందుకేనా?’ అన్నాడు. పిల్లాడు ఆ భయం ఎన్నాళ్లుగా మోస్తున్నాడో! ఎవరూ తోస్తే రాదు, ఎవరినుంచీ అంటుకోదు అని ఆ పూట చెప్పాను, తర్వాతా చెబుతూనే వచ్చాను. వాడి పేరెంట్స్ మీటింగుకు, పుట్టినరోజుకు ఎవరో ఒకరు ఉండాలి. వాడికి కొత్త చొక్కా ఎవరు కొంటారో ముందే అనుకోండి.

8. డబ్బిస్తే లెక్క అడగొద్దు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఎన్నో పేద కుటుంబాలు కీమో చేయించుకోగలిగాయి. కానీ గది అద్దె, ఆటో చార్జీలు, పాలు, తండ్రి పోగొట్టుకున్న కూలి చాలావరకు అందులోకి రావు. డబ్బయిపోయి మధ్యలో వైద్యం మానేసే కుటుంబాలున్నాయి, దాన్నే ఆపాలి. ఇచ్చేటప్పుడే ‘తిరిగి ఇవ్వక్కర్లేదు’ అనేయండి. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో చార్జీ ఉండదు, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గుతుంది. అందుకు కావలసిన ధ్రువపత్రం ఆసుపత్రి నుంచి రాయించుకొచ్చే పని మీరు తీసుకోండి.

9. బిడ్డ దక్కని ఇంటికీ వెళ్లండి.

వరండాలో పరిచయమైన అందరికీ మాలాగా జరగలేదు. ఆ ఇళ్లకు వెళ్లి బిడ్డను పేరు పెట్టి తలుచుకోండి. వాళ్లు ఏడిస్తే ఏడవనివ్వండి.

10. వైద్యం ముగిశాక ఒక కాగితం భద్రం చేయించండి.

ఏయే మందులు మొత్తం ఎంతెంత ఇచ్చారో ఆసుపత్రివాళ్లను ఒకచోట రాసివ్వమని అడగండి. డాక్సోరూబిసిన్ లాంటి మందులు ఏళ్ల తర్వాత గుండె మీద ప్రభావం చూపవచ్చు. ఎంత పడిందో తెలిస్తేనే ఎప్పుడెప్పుడు ఎకో పరీక్ష తీయాలో డాక్టర్ చెప్పగలరు. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి, దాచేయండి అని మా వైపు కొందరు అప్పుడే మొదలెట్టారు. నేను ఒప్పుకోలేదు. నాలుగు జిరాక్సులు తీయించి, ఒకటి నా బీరువాలో పెట్టాను. పాపకు కాస్త వయసొచ్చాక దాన్ని చదివి వివరంగా చెప్పాలని తల్లికి ఇప్పటినుంచే అంటున్నాను.