టైమింగ్‌పై పట్టు... కొలువుకు మెట్టు

దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ మొరాయిస్తే రైతుకు పూటపూటకూ నష్టమే. పిలిచిన మెకానిక్‌కు పని వచ్చా, లేక సామాన్లు మార్చుకుంటూ పోయే రకమా అన్నది కాసేపట్లోనే తేలిపోతుంది. ఆ తేడాను పట్టించే పనుల్లో ఒకటి ఇంజిన్ టైమింగ్ పెట్టడం. పది పాసై ఏదైనా చేతిపని నేర్చుకోవాలనుకునేవారూ, ఐటీఐ ముగించి ఉద్యోగం చూసుకుంటున్నవారూ దీన్ని క్షుణ్నంగా నేర్చుకుంటే ఇంటర్వ్యూలో తడబడరు, షెడ్డులో వెనకబడరు.

ఏమిటీ టైమింగ్?

బ్రిటన్‌లో 1946లో తయారీ మొదలైన ఫెర్గూసన్ టీఈ-20 లాంటి పాత పెట్రోలు ట్రాక్టర్లకు స్పార్క్ ప్లగ్గులుండేవి. డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దిగా తిప్పి ఇగ్నిషన్ టైమింగ్ సరిచేసేవారు. మన పొలాల్లో తిరిగేవి డీజిల్ బళ్లు. వీటిలో స్పార్క్ ఉండదు; పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అందుకే ఇక్కడ టైమింగ్ అంటే పంపు ఏ క్షణంలో డీజిల్ పంపుతోందన్నదే. పిస్టన్ పైకొస కొన్ని డిగ్రీల దూరంలో ఉండగానే అది మొదలవ్వాలి. ఆ డిగ్రీలు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి సర్వీస్ మాన్యువల్ చూసే పెట్టాలి. మరీ ముందైతే ఇంజిన్ నాకింగ్ కొడుతుంది. ఆలస్యమైతే పికప్ తగ్గుతుంది, వేడెక్కుతుంది, తెల్లపొగ వదులుతుంది.

షెడ్డులో ఎలా పెడతారు?

ఇన్‌లైన్ పంపు ఉన్న పాత బళ్లకు స్పిల్ పద్ధతి వాడతారు. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్‌కు తేవాలి. అప్పుడు దాని రెండు ట్యాపెట్లూ వదులుగా ఆడతాయి. ఎగ్జాస్ట్ చివర్లో కూడా పిస్టన్ పైనే ఉంటుంది కనుక కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తర్వాత పంపు ఒకటో ఔట్‌లెట్‌లోని డెలివరీ వాల్వునూ స్ప్రింగునూ తీసి, హోల్డర్ బిగించి, దానికి వంపు గొట్టం పెడతారు. ర్యాక్‌ను ఫుల్‌లో ఉంచి ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పితే ధారగా పడుతున్న డీజిల్ సన్నబడి, చుక్కలై, ఆగిపోవడానికొస్తుంది. ఇంజెక్షన్ మొదలయ్యే చోటు అదే. ఆ సమయానికి ఫ్లైవీల్ మీది గుర్తు కిటికీలోని ముల్లుకు సరిపోవాలి. సరిపోకపోతే పంపు నట్లు వదులు చేసి, పంపును గాడుల్లో కొద్దిగా జరిపి మళ్లీ చూడాలి. తిప్పుతూ గుర్తు దాటిపోతే బాగా వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకే తిప్పాలి. లేదంటే గేర్ల ఆట వల్ల లెక్క తప్పుతుంది.

ముందు దేన్ని చూడాలి?

నట్లు బిగుతుగా ఉండి, గేర్లు అరగనంతవరకు టైమింగ్ తనంతట తాను మారదు. ‘ఈ మధ్య పంపు దించి ఎక్కించారా?’ అని రైతును అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది. దించలేదంటే ఎయిర్ క్లీనర్, డీజిల్ ఫిల్టర్, లైన్లో గాలి, ట్యాపెట్ గ్యాపు, నాజిల్ స్ప్రే... ఇవన్నీ చూశాకే పంపు మీద స్పానర్ పెట్టాలి. ‘లోడు పడితే బండి పొగ కక్కుతోంది, ఏం చేస్తావు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఈ వరస చెప్పండి. నేరుగా టైమింగ్ మారుస్తానన్న జవాబు అనుభవం లేదని చెప్పకనే చెబుతుంది.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

ఐటీఐల్లో మెకానిక్ డీజిల్, మెకానిక్ ట్రాక్టర్ ట్రేడ్లున్నాయి. రెండూ ఏడాది కోర్సులే, పది పాసైతే చాలు. తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో శిక్షణ పొందవచ్చు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో యంత్రాల వాడకం, మరమ్మతులపై శిక్షణ ఇస్తారు. డిజైన్ వైపు వెళ్లాలనుకునేవారికి బాపట్ల, సంగారెడ్డి జిల్లా కందిలలో అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ బీటెక్ ఉంది. ఐటీఐలో చేరేముందు ఒకసారి వెళ్లి వర్క్‌షాపు చూడండి. విప్పి బిగించే ఇంజిన్, నాజిల్ టెస్టర్ లేనిచోట సర్టిఫికెట్ వస్తుంది కానీ పని రాదు.

అవకాశాలెక్కడ?

డీలర్ల సర్వీస్ సెంటర్లు, డీజిల్ పంపులు క్యాలిబ్రేట్ చేసే షాపులు, హార్వెస్టర్ యజమానులు మెకానిక్‌లకు పని ఇస్తారు. సొంతంగా షెడ్డు పెట్టాలంటే ముద్ర పథకం శిశు విభాగంలో రూ.50 వేల వరకు, కిశోర్‌లో రూ.5 లక్షల వరకు రుణం తీసుకోవచ్చు.

పాత పని ఒక్కటే నేర్చుకుని ఆగితే మాత్రం కొన్నాళ్లకు ఇబ్బందే. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వీటి కోసం వచ్చిన కామన్ రైల్ ఇంజిన్లలో ఇంజెక్షన్ సమయాన్ని కంప్యూటరే నిర్ణయిస్తుంది. మెకానిక్ సెన్సర్లను, వైరింగ్‌ను, స్కానర్ చూపే కోడ్‌లను చదవగలగాలి. ఊళ్లలో ఎక్కువగా కనిపించే చిన్న, పాత బళ్లకు స్పానర్ పని తప్పదు. కాబట్టి మొదటి ఏడాది పంపు, నాజిల్ పని చేతికి ఎక్కించుకోండి. రెండో ఏడాది ఆటో ఎలక్ట్రికల్ పని, స్కానర్ వాడకం నేర్చుకోండి. రెండూ వచ్చిన మెకానిక్‌కు జీతం అడిగే ధైర్యమూ ఉంటుంది, షెడ్డు పెట్టుకునే దారీ ఉంటుంది.