రక్తనాళాల నిర్మాణంలో కణ ఆసంజన అణువుల పాత్ర

పొదిగించిన కోడిగుడ్డును నాలుగైదు రోజుల తరువాత కాంతికి ఎదురుగా ఉంచి పరీక్షిస్తే సాలెగూడులా వ్యాపించిన ఎర్రని నాళాలు కనిపిస్తాయి. పిండం సజీవంగా ఉన్నదని హేచరీలలో నిర్ధారించుకొనేది ఈ గుర్తుతోనే. ఈ నాళాలు రెండు విధాలుగా రూపొందుతాయి. పూర్వగామి కణాలు గుమికూడి తొలి నాళాలను నిర్మించడం మొదటిది. ఉన్న నాళాల నుండి కొత్త శాఖలు మొలవడం రెండవది. రెండింటిలోనూ కణాలు ఒకదానినొకటి, తమ చుట్టూ ఉన్న మాత్రికను అంటిపెట్టుకోవాలి. ఈ పనిని నిర్వహించేవే కణ ఆసంజన అణువులు.

కాడ్హెరిన్‌లు: కణానికి కణం

నాళపు లోపొర అయిన ఎండోథీలియంలో కణసంధుల వద్ద వి.ఇ.-కాడ్హెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. కాల్షియం సమక్షంలో ఇది పక్క కణంపై ఉన్న తనవంటి అణువుతోనే బంధం ఏర్పరుస్తుంది. కణం లోపల కాటెనిన్‌ల ద్వారా ఆక్టిన్ తంతువులతో ముడిపడి ఉంటుంది. ఈ జన్యువు లోపించిన ఎలుక పిండాలలో తొలి నాళాలు ఏర్పడినా నిలువవు, దాదాపు 9.5వ రోజుకే పిండాలు మరణిస్తాయి. కణాలను అతికించి ఉంచడమే ఈ ప్రోటీన్ పని కాదు. వి.ఇ.జి.ఎఫ్. అనే వృద్ధికారకం పంపే జీవన సంకేతం ఫలించడానికీ ఇది అవసరం. అదే వృద్ధికారకం కొత్త శాఖ మొలిచే చోట ఈ బంధాన్ని కొంత సడలిస్తుంది కూడా.

ఇంటెగ్రిన్‌లు: కణానికి మాత్రిక

మాత్రికను పట్టుకొని కణం ముందుకు సాగడానికి ఇంటెగ్రిన్‌లు తోడ్పడతాయి. 1994లో కోడిపిండపు పరాయు-అళింద త్వచంపై జరిగిన ప్రయోగాలలో ఆల్ఫా-వి బీటా-3 ఇంటెగ్రిన్‌ను ప్రతిదేహంతో నిరోధించినప్పుడు కొత్త నాళాల పెరుగుదల ఆగిపోయింది. పాత నాళాలకు హాని కలుగలేదు. కణితికి రక్తం అందకుండా చేయవచ్చన్న ఆశ దీనితో బలపడింది. అయితే 2002లో, బీటా-3 ఇంటెగ్రిన్ పుట్టుకతోనే లోపించిన ఎలుకల కణితులలో నాళాలు తగ్గకపోగా పెరిగాయి. ఈ ఇంటెగ్రిన్‌లను నిరోధించే సిలెంజిటైడ్ ఔషధం మెదడు క్యాన్సర్ అయిన గ్లయోబ్లాస్టోమా రోగులపై జరిగిన మూడవ దశ పరీక్షలో ఆయుర్దాయాన్ని పెంచలేకపోయింది.

ముగింపు

ఒక అణువును నిరోధించడం, అది మొదటినుండీ లేకపోవడం సమానం కావని పై ఫలితాలు తెలుపుతున్నాయి. అణువు లోపించిన జీవిలో ఇతర మార్గాలు ఆ లోటును పూరించవచ్చు, లేదా ఆ అణువు అదుపులో ఉంచిన ప్రక్రియలు విజృంభించవచ్చు. కనుక ఒకే పద్ధతిలో లభించిన ఫలితంతో ఏ అణువు పాత్రనూ నిర్ణయించరాదు. నాళ నిర్మాణానికి బంధం ఎంత అవసరమో, తగిన సమయంలో దాని సడలింపూ అంతే అవసరం.