వాహనముల పొగ – గర్భిణుల రక్తపుపోటు

మోటారు పొగ ఊపిరితిత్తులకే చేటని పలువురి తలంపు. గర్భిణులకు మరియొక ముప్పు కలదు. 20 వారములు దాటిన పిమ్మట రక్తపుపోటు 140/90కి పెరిగి, మూత్రములో మాంసకృత్తు కనిపించిన, దానిని ప్రీఎక్లాంప్సియా అందురు. ఇది తల్లీబిడ్డల ప్రాణములకే అపాయము.

అమెరికాలోని లాస్ ఏంజిలిస్, ఆరెంజి కౌంటీలలో 1997–2006 నడుమ జరిగిన 81,186 కాన్పులను పరిశీలించి, 2009లో ఫలితములు ప్రకటించిరి. వాహనముల సూక్ష్మధూళి మిక్కిలి హెచ్చుగా గల చోట్ల నివసించిన గర్భిణులలో, మిక్కిలి తక్కువ గల చోట్లకంటె, ఈ వ్యాధి అవకాశము 42 శాతము అధికమని తేలినది. పొగయొక్కటే కారణమని దీని భావము కాదు. ఆ ధూళి రక్తనాళములను దెబ్బతీయునని వైద్యులు తలంచుచున్నారు.

క్రింద అంగడి, పైన కాపురము గల ఇండ్లలో గర్భిణికి వీధివైపు గది గాక పెరటివైపు గది ఈయవలెను. నెలనెలా రక్తపుపోటు చూపించవలెను. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము వాచుట కనిపించిన, అంగడి కట్టిన తరువాత చూతమనక వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను.